గున్నమ్మగారి బంట్రోతు

ఆర్డరు లేనిదే సూరయ్య తుమ్మడు. తుమ్ము వచ్చినా ముక్కు పట్టుకుని, ఎవరైనా తుమ్మమంటారేమోనని చుట్టూ చూస్తాడు. ఏదో సర్కారు కచేరీలో ముప్పయ్యేళ్ళు బిళ్ళ బంట్రోతుగా చేసి, పంతొమ్మిదివందల అరవై ఏడులో రిటైరై, సొంతూరు కళింగపట్నం చేరాడు. ఉద్యోగం పోయింది గాని బంట్రోతుతనం పోలేదు. కంచం ముందు కూర్చుంటే భార్య లక్ష్మణమ్మ వచ్చి "తిను" అనాలి. ఒకనాడు ఆమె "తిను" అని పక్కింటికి పోయి, "ఆపు" అనడం మరిచిపోయింది. తిరిగొచ్చేసరికి కుండ ఖాళీ.

నెల తిరక్కుండా ఆమె చేతులెత్తేసింది. "నా వల్ల కాదు గాని, ఊల్లో ఎవులైనా ఆఫీసరుంటే సూసుకో" అంది. సూరయ్య ఖాకీ చొక్కా తొడుక్కుని ఆఫీసరు కోసం బయల్దేరాడు. ఆఫీసరంటే అతను చెప్పే గుర్తు ఒక్కటే, పొద్దస్తమానం కూర్చుని ఉండాలి. ఆ లెక్కన ఊళ్ళో ఒక్క మనిషే సరిపోయింది, గున్నమ్మ.

గున్నమ్మకు పదేళ్ళప్పుడు అమ్మవారు పోసి చూపు పోయింది. ఇప్పుడు ముప్పై. అన్న పంచన, అరుగు మీద బతుకు. అన్న చెడ్డవాడు కాడు, వదిన మరిడమ్మ బంగారం. అదే వచ్చిన చిక్కు. లేవబోతే "కూకో, పడిపోతావు." నీళ్ళు ముంచుకోబోతే "నీకేల, నాను ముంచుతాను." గున్నమ్మ కోరిక మాత్రం ఒక్కటే. తక్కిన ఆడవాళ్ళలాగ తట్ట నెత్తిన పెట్టుకుని ఆదివారం సంతకి పోయి ఎండుచేపలు అమ్మాలి. నెత్తళ్ళనే చిన్న ఎండుచేపల్ని చెవి దగ్గర విరిచి, చప్పుడుని బట్టి ఎన్ని ఎండలు తిన్నాయో చెప్పగలదు. కానీ సంత మాటెత్తితే ఇంటిల్లిపాదీ ముద్దుగా నవ్వేవారు. ఆ నవ్వు ఆమెకి తిట్టుకన్నా ఎక్కువ బాధగా ఉండేది.

అలాంటి గున్నమ్మ ముందు ఒక మగగొంతు, "ఆర్డరేటి అమ్మగారూ?" అంది.

"ఎవులది?"

"సూరయ్యనండి. తమరి బంట్రోతుని."

"ఆర్డరేటి మావా? నా మాట మా ఇంట్లో పిల్లి కూడా ఇనదు."

"పిల్లి డిపార్టుమెంటు ఏరండి. నాది ఏరండి. సెప్పండి."

గున్నమ్మకి ఆర్డరు వెయ్యడం అలవాటు లేదు. చాలాసేపు తడుముకుని, "సముద్రం ఒడ్డుకి తీసుకెల్లు" అంది. ఇద్దరూ బయల్దేరారు. పాతిక అడుగులు వేశారో లేదో గున్నమ్మ గోతిలో పడింది.

"గొయ్యుందని ఏల సెప్నేదు మావా?"

"సెప్పమని ఆర్డరు నేదండి."

"పడిపోతంటే పట్టుకోవా?"

"అదీ నేదండి."

గున్నమ్మకి ఒళ్ళు మండింది. "గొయ్యుంటే సెప్పు. నాను సెయ్యి సాస్తే పట్టుకో. సాపకపోతే ముట్టుకోకు" అంది.

"సిత్తం" అన్నాడు సూరయ్య. ఆనాటినుంచి గోతులన్నీ చెప్పుకొచ్చాడు. పక్క వీధి గొయ్యి, పోయినేడు పూడ్చిన గొయ్యి, వాళ్ళ మేనత్తగారి ఊళ్ళో గొయ్యి. "నా కాలి ముందు గొయ్యే సెప్పు మావా" అని ఆర్డరు సవరించాల్సి వచ్చింది. ఇలా సవరించగా సవరించగా నెల్లాళ్ళకి, తనకేం కావాలో, ఎంత కావాలో, ఎక్కడ అక్కర్లేదో కచ్చితంగా చెప్పడం గున్నమ్మకి వచ్చేసింది.

ఈ వైభోగం చూసి దాలయ్యకి కన్ను కుట్టింది. అతను పడవ మీంచి పడి కాళ్ళు చచ్చుబడినవాడు. "నాకూ బంట్రోతు కావాల" అన్నాడు. సూరయ్య సరేనన్నాడు. మాటా చెవీ లేని ఎల్లాజీ సైగలతో ఆర్డర్లు మొదలెట్టాడు. దానికీ సరేనన్నాడు.

ఒకరోజు ముగ్గురూ మూడు వైపులకి రమ్మన్నారు. సూరయ్య వీధి మధ్యలో నిలబడిపోయాడు. ఎండ నెత్తికెక్కినా కదల్లేదు. "ఆఫీసర్లు తమలో తమరు తేల్చుకోవాలండి" అన్నాడు. అంతవరకూ ఒకరితో ఒకరు పలికి ఎరగని ముగ్గురూ దాలయ్య వాకిట్లో చేరి పెద్ద పేచీ పెట్టుకున్నారు. ఎల్లాజీ సైగకి మాటా, గున్నమ్మ మాటకి సైగా దాలయ్యే అందించాడు. పేచీలో తేలిందేమిటంటే, ఎల్లాజీకి రెక్కల బలం ఉంది, దాలయ్యకి తూకం వచ్చు, గున్నమ్మకి సరుకూ తెలుసు, నోరూ ఉంది. వచ్చే ఆదివారమే సంత అని తీర్మానమైంది.

"పడిపోతే?" అంది మరిడమ్మ.

"లెగుస్తాను వదినా" అంది గున్నమ్మ.

ఎల్లాజీ తోపుడుబండి లాగాడు. బండి మీద దాలయ్య, తక్కెడ. వెనక బండి కొయ్య పట్టుకుని, నెత్తిన తట్టతో గున్నమ్మ. అందరి వెనకా ఖాకీ చొక్కా. మొదట్లో సంత జనం వింత చూడ్డానికి మూగారు. గున్నమ్మ నెత్తళ్ళు విరిచి వినిపించేసరికి వింత మాని బేరంలో పడ్డారు. మధ్యాహ్నానికి తట్ట సగమైంది. ఆమె ఆనందానికి హద్దు లేదు.

అప్పుడే ఒక పెద్దమనిషి ఆగాడు. సూరయ్య పనిచేసిన కచేరీలో హెడ్‌గుమాస్తా, నారాయణమూర్తిగారు.

"ఏరా సూరయ్యా, ఇక్కడేం చేస్తున్నావు?"

"మా బంట్రోతండి" అన్నాడు దాలయ్య గొప్పగా. "ఆర్డరు నేకపోతే అడుగెయ్యడు."

నారాయణమూర్తిగారు పొలమారేదాకా నవ్వారు. "వీడా? ముప్పయ్యేళ్ళలో ఒక్క ఆర్డరు విన్న పాపాన పోలేదు. కాఫీ తెమ్మంటే 'తమకి పైత్యం' అని మజ్జిగ తెచ్చేవాడు. ఫైలు తెమ్మంటే 'కళ్ళు ఎర్రబడ్డాయి, రేపు చూడండి' అనేవాడు. ఎవరికేం కావాలో వాళ్ళకన్నా తనకే తెలుసు. వీడి దెబ్బకి ఆఫీసర్లే బదిలీ చేయించుకు పోయేవారు."

దాలయ్య నోరు తెరిచాడు. సూరయ్య నేల చూపులు చూశాడు. ఆ మొదటి గొయ్యితో సహా గున్నమ్మకి అంతా అర్థమైంది. కళ్ళలో నీళ్ళూ, కడుపులోంచి నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. రెండూ బలవంతాన ఆపుకుంది. ఇప్పుడు బయటపడితే ముసలాయన పరువు సంతలో కలుస్తుంది.

"నెత్తళ్ళు కావాలంటే నాతో మాటాడండి బాబూ" అంది. "మా బంట్రోతుని పలకరించకండి. డూటీలో ఉన్నాడు."