ముక్కుపురుగుకు మూడు రోజుల ప్రాణం

ఆ రోజుల్లో, రెండు వేల సంవత్సరం రాగానే, ఏడాదిని రెండంకెల్లోనే రాసుకునే కంప్యూటర్లన్నీ వెర్రెత్తిపోతాయని లోకం వణికిపోతుంటే అడ్డుపడి ఆపింది నేనే. (నాతోపాటు మరికొందరున్నారు. సరే, లక్షల మంది.) లోకం బతికింది, మా ఉద్యోగాలు చచ్చాయి. మూడేళ్లు అక్కడా ఇక్కడా దేకాక మేం వలసొచ్చి స్థిరపడ్డ మాసన్ లేక్స్‌లో, మా ఇంటి దగ్గరి యూనివర్సిటీలో పని దొరికింది: గుండుసూదులకు గుచ్చిన చచ్చిన పురుగుల చీటీలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఏళ్ల తరబడి ఎవరూ విప్పని పెట్టెలు.

అక్కడి ముసలి ప్రొఫెసర్ ప్రాణమంతా ఒక్క పురుగు మీదే. ఎక్కడో వేడి దేశపు దీవిలో పుట్టిన ముక్కుపురుగు, మన బియ్యం డబ్బాలో తిరిగేదానికి దూరపు చుట్టం. వీపు మీది రెక్కల డిప్పలు అతుక్కుపోయి ఎగరలేదు. అడవి కొట్టేస్తే పారిపోలేక జాతి జాతే పోయిందన్నారట. ఈయన నాలుగుసార్లు వెళ్లి వెతికి ఉత్తచేతులతో వచ్చాడు. (ఎటూ ఎగరలేని ఆ జీవి నాకు స్వయానా తమ్ముడిలా కనిపించేది.)

చీటీల మీద పురుగును పట్టిన సంవత్సరం రెండంకెల్లోనే ఉండేసరికి నా చెయ్యి దురద పెట్టింది. బ్యాంకుల కోసం రాసిన పాత ప్రోగ్రామునే తోలాను. యాభై లోపు అంకె కనిపిస్తే ముందు ఇరవై తగిలిస్తుందది. అలా పందొమ్మిది వందల రెండులో పట్టిన ఆ పురుగు రెండు వేల రెండులో దొరికినట్టయింది.

జాబితా చూసిన ప్రొఫెసర్ నా టేబుల్ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "ఇట్స్ అలైవ్, మేట్! లాస్ట్ ఇయరే దొరికింది!" అంటూ నన్ను కావలించుకుని ఏడ్చాడు, ఐదోసారి దీవికి బయల్దేరతానన్నాడు.

తప్పు తెలియగానే చెప్పేశానని ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. అబద్ధం. ఆ సాయంత్రమే తెలిసింది, మూడు రోజులు నోరు మెదపలేదు. చివరికి మా ఆవిడ దగ్గర కక్కాను.

"ఆ మోకాళ్లతో ఆయన మళ్లీ ఆ ఐలాండ్‌కి వెళ్తాడా? జాబ్ పోతే పోయింది, మార్నింగే వెళ్లి చెప్పండి!"

వెళ్లేసరికి ప్రొఫెసర్ కొత్త బూట్లకు తాళ్లు ఎక్కిస్తున్నాడు. పసుపెక్కిపోయిన చీటీ చేతిలో పెట్టాను. భూతద్దంతో చాలాసేపు చూశాడు. తిట్టలేదు. తాళ్లు ఒక్కొక్క రంధ్రం నుంచి వెనక్కి లాగేస్తూ, "గుడ్ త్రీ డేస్, మేట్," అన్నాడు. తర్వాత ప్రతి సంవత్సరాన్నీ నా చేత చేత్తో కొట్టించాడు, నాలుగంకెల్లో.

ఇప్పుడు నాది ఆయన వయసు. లోకాన్ని కాపాడానని ఇంకా కోతలు కోస్తూనే ఉంటాను. బియ్యం ఏరుతూ మా ఆవిడ మాత్రం చేటలోని పురుగును చూపించి, "దీన్నైనా కాపాడండి," అంటుంది. తీసి గుమ్మం బయట వదులుతాను. అదెటు పోతుందోనని కాసేపు అక్కడే నిలబడతాను.