ఓద్ని బండికి నేను బిగించిన బోల్టు

ఓద్ని పేరు ఎత్తితే మా లోయలో ఎవరైనా ముందు పాల లారీ సంగతే చెబుతారు. ఇరవై ఆరేళ్ళు ఆమె ఆ లారీ తోలింది. మంచు పడినా, గాలికి రోడ్డు మీది కంకర లేచి అద్దాలకు కొట్టినా, తెల్లారేసరికి మా పాకల ముందు హారన్ మోగేది. జనవరిలో కూడా కిటికీ అద్దం వేలెడంత దించి ఉంచేది. "చలి వెయ్యదా నీకు?" అని అడిగితే, "ఇంజిన్ ఏమంటోందో వినపడొద్దూ?" అనేది. పాల కంపెనీ పెద్ద ట్యాంకర్లు తెచ్చి ఆమెను ఇంటికి పంపాక, యాభై గొర్రెలూ, ఒక కుక్కా, సెప్టెంబర్లో తిండి బండీ మిగిలాయి.

ఆ తిండి బండి మీదే ఆమెకు ప్రాణం. వేసవంతా కొండల మీద వదిలేసిన గొర్రెల్ని దింపుకు రావడానికి ఏటా సెప్టెంబర్లో మేం పద్నాలుగు మంది గుర్రాల మీద బయల్దేరుతాం. ఐదు రోజుల పని. గుండిగలు, పొయ్యిలోకి కట్టెలు, పొడి మేజోళ్ళు, దుప్పట్లు, గుర్రాలకు గడ్డి, అన్నీ ఓద్ని పాత ట్రక్కులో వేరే దారిన వస్తాయి. సాయంత్రం మేం తడిసి ముద్దయి గుడిసె చేరేసరికి గొర్రెమాంసం సూప్ ఉడుకుతూ ఉండాలి. ఇరవై రెండేళ్ళు అలాగే ఉడికింది. మిరియాలు ఎక్కువేస్తుందని గొణిగేవాళ్ళం, రెండోసారి గిన్నె చాపేవాళ్ళం. ఆమె ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. పద్నాలుగు గిన్నెలూ ఖాళీ అయినప్పుడు మాత్రం ఆమె ముఖం చూడాలి.

ఇక నా సంగతి. నా పేరు స్టుర్లా. చుట్టుపక్కల ఏ ట్రాక్టర్ మొరాయించినా నా దగ్గరికే తెస్తారు. నా చేతిలో పడితే ఏ ఇంజిన్ అయినా లేచి కూర్చుంటుందని నాకు పొగరు కూడా ఉండేది. ఉండేది అంటున్నాను.

ఒక జులైలో ఓద్ని ట్రక్కు ఇంజిన్ పగిలిపోయింది. తుక్కుకు వెళ్ళబోతున్న స్కూలు బస్సు ఇంజిన్ ఒకటి నేనే వెతికి తెచ్చి బిగించాను. బస్సులో ఆ ఇంజిన్ కిందెక్కడో ఉండేది, నీళ్ళ ట్యాంకు దానికి పైన ఉండేది. ఇంజిన్ వెనక చివర్నుంచి వేలంత సన్నని గొట్టం ఒకటి ఆ ట్యాంకులోకి వెళ్ళేది. ట్రక్కులో అంత ఎత్తున ట్యాంకు లేదు. పైగా నేను బిగించిన తీరుకి ఇంజిన్ వెనక భాగం కాస్త పైకి లేచింది. ఆ గొట్టాన్ని ఎక్కడికి కలపాలో తోచలేదు. ముందువైపు గాలి పోయే దారి ఒకటుంది కదా, చాలనుకుని, వెనక కన్నానికి రాగి వాషర్ వేసి బోల్టు బిగించేశాను.

"అన్నీ కలిపావా?" అని అడిగింది ఓద్ని.

"అన్నీ కలిపాను. ఇక నీదే ఆలస్యం."

తర్వాత గాలి తీశాం. కొత్తగా ఇంజిన్ పెట్టాక నీళ్ళదారిలో గాలి ఇరుక్కుంటుంది, అది పోకపోతే నీళ్ళు తిరగవు. ట్రక్కు ముక్కు పైకి ఉండేలా గడ్డి కొట్టం వాలు మీదికి ఎక్కించి, రేడియేటర్ మూత తీసి, హీటర్ పూర్తిగా తిప్పి, ఇంజిన్ నెమ్మదిగా ఆడించాం. నేను పైపుని పిసుకుతుంటే బుడగలు బుడబుడమని పైకొచ్చాయి. ఆమె నీళ్ళు పోస్తూ ఉంది. అరగంటకు బుడగలు ఆగాయి. నేను చేతులు తుడుచుకుని ఆమె పెట్టిన పొగబెట్టిన మాంసం, రొట్టె తిని ఇంటికొచ్చేశాను.

ఆ సెప్టెంబర్లోనే జరిగింది. మూడో రోజు సాయంత్రం నాలుగింటికి గుడిసె దగ్గర ఉండాల్సిన బండి రాత్రి పదింటికి వచ్చింది. ఆరింటికి చేరిన మేం నాలుగు గంటలు తడి బట్టల్లో, చల్లటి పొయ్యి చుట్టూ, జేబుల్లో ఉన్న ఎండుచేప నములుతూ కూర్చున్నాం. గొర్రెల్ని దింపే మా దండుకి పెద్ద ఇల్లుగి. అతనికి డెబ్బై ఏళ్ళు. పళ్ళు టకటకలాడుతున్నా బూతులు మాత్రం స్పష్టంగానే తిట్టాడు. ఓద్ని వచ్చి, "దిగుడులో బండి వేడెక్కింది" అని ఒక్క మాట చెప్పి పొయ్యి ముట్టించింది. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. తిని పడుకున్నాం.

కొండ దిగేలోపే తీర్పు అయిపోయింది. "అరవై మూడొచ్చాయి, నీళ్ళు చూసుకోవడం మర్చిపోయుంటుంది" అన్నారొకరు. "దిగుడులో కూడా వేడెక్కించిందంటే గేరు ఎలా వేసిందో" అన్నారింకొకరు. నేనూ తలూపాను. అప్పటికి నాకు నిజం తెలియదు. కనీసం ఆ మాటైనా నన్ను చెప్పుకోనివ్వండి.

తెలిసింది డిసెంబర్లో. పట్నంలో సామాన్ల కొట్టుకు వెళ్ళినప్పుడు కౌంటర్ దగ్గరి ముసలాయన మాటల్లో ఆ బస్సు ఇంజిన్ ప్రస్తావన తెచ్చాడు. "వెనక సన్న గొట్టం ఎక్కడికి పోనిచ్చావ్?"

"బోల్టు పెట్టేశాను."

ఆయన కళ్ళజోడు మీంచి చూశాడు. "ఏ పొలాల్లో తిరిగే బండికో అయితే సరే. అది కొండ దిగే బండి కాదు కదా?"

"ఏం, దిగితే?"

"ముక్కు కిందికైతే ఇంజిన్ వెనక భాగమే అన్నిటికన్నా పైనుంటుంది. మిగిలిన గాలంతా అక్కడికే చేరుతుంది. అక్కడ ఇనుము కాలుతూనే ఉంటుంది, తగిలిన నీళ్ళు ఆవిరైపోతాయి, ఆవిరికి బయటికి దారి లేదు. ఇక మిగతా నీళ్ళని మూతలోంచి తన్ని పారేస్తుంది. వేడి చూపించే ముల్లు ఎక్కడుంది? ముందు. దానికేం తెలుస్తుంది పాపం?"

కొనాలనుకున్నవేవీ కొనకుండా బయటికొచ్చేశాను. ఆ రాత్రే ఓద్నికి ఫోన్ చేసి ఉండాల్సింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ క్రిస్మస్ గడిపేశాను.

మార్చిలో ఊరి హాల్లో మీటింగ్ పెట్టారు. కొత్త జీపూ ట్రైలరూ ఉన్న కుర్రాడొకడికి తిండి బండి పని ఇచ్చేద్దామని సగంమంది అన్నారు. ఇల్లుగి గొంతు సవరించుకుని, ఇంకొక్క ఏడాది చూద్దామన్నాడు. ఈసారి కూడా ఆలస్యమైతే ఇక ఓద్ని బండి కొండెక్కదు. "తోడుగా ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. స్టుర్లా, ఇంజిన్ పెట్టింది నువ్వే కదా, నువ్వెళ్ళు. ఆవిడ ఏం చేస్తోందో ఒక కంట కనిపెట్టు." ఓద్ని మూల కుర్చీలో ఉంది. నావైపు ఒక్కసారి చూసింది. నేను తల దించుకుని కాఫీ కలుపుతూ కూర్చున్నాను. నేను కాఫీలో చక్కెర వేసుకోను.

ఏప్రిల్లో సిగ్గు విడిచి ఆమె ఇంటికి వెళ్ళాను. గప్‌చుప్‌గా ఆ బోల్టు పీకి, గొట్టం వేసి వచ్చేద్దామని నా ఎత్తు.

"ఇంజిన్ ఒకసారి చూసి పెట్టనా?" అన్నాను.

"ఎందుకు? ఏమైనా ఉందా చూడ్డానికి?"

"ఏం లేదు. ఊరికే."

"ఏం లేనప్పుడు ఎందుకు చూడ్డం?" అంటూ కాఫీ పోసింది. ఎదురుగా కూర్చుని నేను తాగడం అయ్యేదాకా చూసింది. నేను వాన గురించీ, గొర్రెల ఈతల గురించీ నీళ్ళు నమిలి లేచి వచ్చాను.

సెప్టెంబర్ వచ్చింది. మొదటి రెండు రోజులూ సాఫీగా గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం లాంగబ్రెక్క అనే పెద్ద మిట్ట ఎక్కాం. అటువైపు నాలుగు కిలోమీటర్ల దిగుడు. పోయినేడు ఆగిపోయింది అక్కడే. పొద్దుట్నుంచీ నా చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ఆమె అద్దం వేలెడు దించి, చిన్న గేరు వేసి, బండిని దిగుడులోకి వదిలింది. నా చూపంతా ముల్లు మీదే ఉంది. ముల్లు కదల్లేదు. ఇప్పుడు వెనక ఆవిరి చేరుతోందనీ, ఈ మనిషి ఇరవై రెండేళ్ళ పేరు నా రాగి వాషర్ వల్ల ఈ బొగ్గురంగు ఇసకలో పోతోందనీ అనుకుంటూనే ఉన్నాను.

"ఆపు!" అని అరిచాను. "ఓద్నీ, బండి ఆపు. వెనక బోల్టు ఉంది. నేనే పెట్టాను. అక్కడ గొట్టం ఉండాలి. పోయినేడు తప్పు నాది. డిసెంబర్లోనే తెలిసింది నాకు."

ఆమె నెమ్మదిగా ఆపింది. చేతిబ్రేకు లాగింది, దిగి ఒక చక్రానికి రాయి అడ్డం పెట్టింది. తర్వాత బోనెట్ ఎత్తి, రమ్మన్నట్టు తల ఊపింది.

ఇంజిన్ వెనక నా బోల్టు లేదు. దాని స్థానంలోంచి సన్నని రాగి గొట్టం బయల్దేరి, క్యాబిన్ గోడకు అన్నిటికన్నా ఎత్తున బిగించిన చిన్న నీళ్ళ ట్యాంకులోకి వెళ్తోంది. పాత ట్రాక్టర్ ట్యాంకు. అతుకులు నావాటికన్నా నీటుగా ఉన్నాయి.

"ఎప్పుడు మార్చావ్?"

"కొండ దిగిన వారానికే. నీ బోల్టు ఇంట్లో ఉంది, కావాలంటే తీసుకెళ్ళు."

"మరి మీటింగులో అంతమంది అన్ని మాటలంటుంటే చెప్పలేదేం?"

"బోల్టు పెట్టినవాడు అక్కడే కూర్చున్నాడు కదా. అతను చెప్తాడనుకున్నాను." బోనెట్ దించి చేతులు తుడుచుకుంది. "ఏప్రిల్లో ఇంటికొచ్చావు. సరే, ఇప్పుడు చెప్తాడనుకున్నాను. కాఫీ తాగి వెళ్ళిపోయావ్."

చక్రం కింది రాయి తీసి పక్కన పడేశాను. మళ్ళీ బయల్దేరాం. గుడిసె చేరేసరికి నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. గుండిగలు నేనే దింపాను, నేనే నీళ్ళు మోశాను. ఆమె వద్దనలేదు.

ఆరింటికి మనవాళ్ళు వచ్చారు. బూట్లలోంచి నీళ్ళు కక్కుకుంటూ లోపలికొచ్చి, సూప్ వాసనకే సగం తేరుకున్నారు. ఇల్లుగి నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "చూశారర్రా! పక్కన స్టుర్లా ఉంటే బండి ఎలా నడిచిందో! మనిషిని పెట్టి మంచి పని చేశాం." అందరూ నవ్వి నావైపు కప్పులెత్తారు. ఓద్ని సూప్ కలుపుతోంది. తల ఎత్తలేదు.

అప్పుడు లేచి నిలబడ్డాను. బోల్టు దగ్గర్నుంచి చక్కెర లేని కాఫీ దాకా మొత్తం చెప్పాను. అందంగా ఏమీ చెప్పలేదు, తడబడ్డాను. చెప్పడం అయ్యాక ఎవరూ తినడం లేదని చూశాను.

ఇల్లుగి నశ్యం డబ్బా తీసి, పీల్చకుండానే మూసేశాడు. "మార్చిలో నా పక్క కుర్చీలోనే ఉన్నావు కదరా" అన్నాడు. తర్వాత ఓద్ని వైపు తిరిగి, "ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగాడు.

ఓద్ని గరిటె పక్కన పెట్టి బెంచీ చివర కూర్చుంది. లెక్కపెట్టుకుని మాట్లాడే మనిషి ఆ సాయంత్రం పూర్తిగా చెప్పింది. ముందు హీటర్లో గడగడమని చప్పుడు వినిపించిందిట, హీటర్ చల్లగాలి వదిలిందిట. ముల్లు బాగానే ఉందంటున్నా చెవినే నమ్మి ఆపిందిట. గంటసేపు చల్లారనిచ్చి ముందువైపు నీళ్ళు పోస్తే, అర కిలోమీటరు వెళ్ళేసరికి మళ్ళీ పొగలు. అప్పుడు ఇంజిన్ మీద ఉమ్మి చూసుకుంటూ వెళ్ళింది. ముందు ఉమ్మి అలాగే ఉంది, వెనక చుయ్యిమంది. తడుముకుంటే బోల్టు తగిలింది. అర చుట్టు వదులు చేసేసరికి ఆవిరి ఈల వేసుకుంటూ వచ్చింది. ముంజేయి కాలింది. చొక్కా చెయ్యి మడిచి మాకు చూపించింది. అది తగ్గాక బోల్టు పూర్తిగా తీసింది. బండి దిగుడులో ఉంది కాబట్టి ఆ కన్నమే అన్నిటికన్నా ఎత్తు. అందుకని నీళ్ళు అందులోంచే పోయాలి. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది. మా కాఫీ కోసం తెచ్చిన ఆరు ఫ్లాస్కుల వేడినీళ్ళు కాఫీ కెటిల్ ముక్కుతో కొంచెం కొంచెంగా పోసింది. బుడగ వచ్చినప్పుడల్లా ఆగింది. ఆ దిగుడులో అలా మూడుసార్లు చేసింది.

"ఆ చేతికి గుడ్డ కట్టుకునే ఆ రాత్రి మీకు వడ్డించాను" అంది. "పద్నాలుగు మందీ గిన్నెలు చాపారు."

ఇల్లుగి తన గిన్నె కింద పెట్టాడు.

"అడగడం ఆలస్యమైంది మాకు, ఓద్నీ" అన్నాడు.

"అవును" అంది ఆమె. "నాకు ఆరు గంటలు ఆలస్యమైతే మీటింగ్ పెట్టారు. మీకు ఏడాది పట్టింది."

లేచి గరిటె అందుకుంది. వచ్చే ఏడు పక్క సీట్లో ఎవర్ని పంపాలని ఎవరూ అడగలేదు. సూప్ చల్లారిపోయింది, మళ్ళీ వేడి చేస్తానని ఆమె గుండిగ పొయ్యి మీదికి ఎత్తబోతుంటే, ఇల్లుగి లేచి దాని రెండో చెవి పట్టుకున్నాడు.