మేకులకు వేలాడిన పలకలు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన రెండో ఏడాది జూన్‌లో నన్ను డిప్యుటేషన్‌పై హైదరాబాద్‌లోని రాష్ట్ర విద్యాశాఖ కార్యాలయానికి తీసుకున్నారు. అంతకుముందు మండల పరిషత్ బడుల్లో పంతులుగా, తర్వాత కొత్తకోట దగ్గరి ఒక మండలానికి విద్యాధికారిగా పనిచేశాను.

కొత్త కార్యాలయంలో నాకు అప్పగించినవి విలీనాల ఫైళ్లు. పిల్లలు తక్కువున్న బడిని పక్క ఊరి బడిలో కలపాలంటే, మండలం నుంచి వచ్చిన లెక్క చూసి మేము నోట్ రాస్తాం. జాయింట్ డైరెక్టర్ సంతకం పెడితే ఆ బడి మూతపడుతుంది.

రెండో వారంలోనే మా మండలపు చిన్న ఊరి బడి ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. పిల్లలు తొమ్మిది మంది. లెక్క కింద సంతకం నాదే. పక్క ఊరి బడికి పోవాలంటే ఆ పసివాళ్లు రోజూ బెంగళూరు రోడ్డు దాటాలి.

ఆ బడికి సువర్ణమ్మ ఒక్కరే టీచర్. ఫోన్ చేసి విషయం చెప్పాను.

“గోడకున్న పలకలు జూస్తిరి గద సార్. గంతల్నే మర్శిపోయిన్రా?” అంది.

సాయంత్రం గదికి వెళ్లి, ఆ బడి లెక్కకు పోయిన జనవరి నాటి డైరీ తీశాను. బడిలో తొమ్మిది మంది, గోడకు మేకులకు తగిలించిన పలకలు పద్దెనిమిది అని ఉంది. కింద ఆమె మాటలు: “గీ పలకల పిల్లలు దసరా కాంగనే అమ్మానాయినలెంబడి ఇటుక బట్టీలకు పోయిన్రు సార్. వానలకు వస్తరు. రోజు తుడుస్త. దుమ్ము వట్టిన పలక జూస్తే మమ్ముల మర్శిన్రనుకుంటరు గద.”

డైరీలో అన్నీ రాసుకున్నాను. ఫారంలో మాత్రం తొమ్మిది. రిజిస్టర్లలో పేర్లు పెంచుతున్నారన్న ఫిర్యాదుల వల్ల, కంటికి కనిపించిన పిల్లలనే రాయాలని ఆ ఏడాది ఆదేశం. రిమార్కుల గడి ఉన్నా ఖాళీగా వదిలేశాను.

మర్నాడు డైరీ పట్టుకుని జాయింట్ డైరెక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయనది నకిరేకల్ వైపు.

“సంతకం మీదే, అడ్డం పడేది మీరేనా పంతులుగారూ? అంకె తప్పా?” అని నవ్వారు.

అంకె సరైనదేననీ, లెక్క తీసిన నెల సరైనది కాదనీ చెప్పాను.

“గట్లయితే తప్పు మీదేనని నోట్ల రాయండ్రి. మెమో వస్తది మల్ల.”

రాశాను. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను. విలీనం ఆపి, వానలు పడ్డాక తిరిగి లెక్క తీయమన్నారు. ఆ పని నాకు కాక వేరే అధికారికి ఇచ్చారు; అది సబబే.

లెక్క ముగిశాక ఒకరోజు సెలవు పెట్టి ఆ బడిని చూడటానికి వెళ్లాను. గది నిండా పిల్లలు. గోడకు ఒక్క పలక మిగిలి ఉంది.

“అంజలిది సార్. వాళ్లింక రాలే,” అంటూ సువర్ణమ్మ కొంగుతో దాన్ని తుడిచింది. “గీ పిల్లను గూడ రాయించిన, రిమార్కులల్ల.”

బడి నిలిచింది. పై కార్యాలయానికి ఊరు కనిపించదు, కింద మనం రాసి పంపిందే కనిపిస్తుంది. పదవీ విరమణ దాకా ఏ మండలం లెక్క వచ్చినా ముందు రిమార్కుల గడే చూశాను. అది ఖాళీగా ఉంటే ఫైలు వెనక్కి పంపాను.