ఈరమ్మ చెవి పట్టుకున్న చెయ్యి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. చదివింది వైద్యం, జీవితమంతా చూసింది రక్తం. అందులోనూ గాయాన్ని మూసే ప్లేట్‌లెట్ కణాలు. మైక్రోస్కోపులో కనబడనిదాన్ని నేను లెక్కచేసేవాణ్ణి కాదు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో కర్నూలు ఆసుపత్రిలో ఉండగా ఆ పరిశోధన మొదలుపెట్టాను. ఒక ఎండాకాలం కోసిగి నుంచి లక్ష్మి అనే కూలిమనిషి తన కూతురు ఈరమ్మను తీసుకొచ్చింది. ఏడెనిమిదేళ్ళ పిల్ల. ఒళ్ళంతా ఊదారంగు మచ్చలు, చిగుళ్ళ నుంచి రక్తం. అప్పటికే పాలిపోయి ఉంది.

రక్తం ఎంతసేపటికి ఆగుతుందో చూడడానికి చెవి తమ్మెకు సూది గుచ్చడం అప్పటి పద్ధతి. గుచ్చాను. ఆగలేదు. అద్దుతున్న కాగితాలన్నీ తడుస్తూనే ఉన్నాయి. పిల్ల నా చేతుల్లోనే పోతుందేమోనని భయపడ్డాను.

లక్ష్మి గంజి తేవడానికి వెళ్ళింది. నేను దూది పెట్టి నొక్కుతున్నాను. మిట్టమధ్యాహ్నం, వార్డంతా వెలుతురే. ఒక ముసలామె వచ్చి మంచం మీద కూర్చుని, నా చెయ్యి తప్పించి, తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుంది. బొటనవేలు వంకర. దానికి పసుపు అంటి ఉంది. చేతులు కడుక్కోమని కసిరాను.

"నువ్వు పోయి నీ పని చూసుకో నాయనా. నేను పట్టుకోని ఉండా కదా" అంది.

ఇంకెవరైనా అయితే బయటికి పంపేవాణ్ణి. ఎందుకో లేచి వెళ్ళాను. పక్క గదిలో పిల్ల రక్తం స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి వెతికాను. కళ్ళు నొప్పి పుట్టాయిగాని ప్లేట్‌లెట్ ఒక్కటీ దొరకలేదు.

తిరిగొచ్చేసరికి రక్తం ఆగింది. పిల్ల నిద్రపోతోంది. తమ్మె మీద పసుపు మరక. లక్ష్మి గంజి గిన్నెతో అప్పుడే వస్తోంది. ఆ ముసలామె ఈమె అత్తగారనుకుని, మీ అత్త గట్టిదే, ఎక్కడికెళ్ళింది అని అడిగాను.

ఆమె గిన్నె కింద పెట్టేసింది. "బొటనేలు వంకరగా ఉండెనా సామీ?"

వేలి సంగతి నేను చెప్పనేలేదు.

"మా అత్తే సామీ. ఊర్లో పిల్లోళ్ళకంతా ఆయమ్మే చెవులు కుట్టేది. దీనికి కుట్టిన దినం గూడా రగతం నిలవకపోతే, పొద్దు మునిగేదాకా ఇట్లే పట్టుకోని కూసునింది. ఆయమ్మ పోయి ఐదేండ్లాయ" అని ఏడ్చింది.

వార్డు నర్సును అడిగాను. ముసలామె ఎవరూ రాలేదంది.

ఈరమ్మ మెల్లగా కోలుకుంది. నేను కడపకు మారాను, రిటైరయ్యేదాకా అదే పరిశోధన. ప్లేట్‌లెట్లు లేకపోయినా చాలాసేపు నొక్కి పట్టుకుంటే చిన్న గాయం ఆగుతుంది. అందులో వింత లేదు, విద్యార్థులకు నేనే ఆ పాఠం చెప్పేవాణ్ణి. ఆ రోజు పట్టుకున్నదెవరో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. నా చెయ్యి తప్పించిన ఆ వేళ్ళు వెచ్చగా ఉన్నాయి.