నలభై మంది, ఒకే చీర

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు బాగా వచ్చని గోదావరిఖనిలో ఇద్దరే నమ్మేవారు. ఒకరు నేను, రెండోవారు పచ్చిమిర్చి అక్క. డిగ్రీ రెండుసార్లు తప్పి (రెండుసార్లూ ఇంగ్లీషులోనే) మా బావ ఫొటో స్టూడియోలో కుదురుకున్న కొత్త. రాష్ట్రం ఇంకా రాలేదు, వస్తుందని మాత్రం టీ కొట్టు దగ్గర రోజూ తేల్చేసేవారు. బావ అప్పుడే డిజిటల్ కెమెరా కొన్నాడు. దాన్ని నా మెడలో వేసిన రోజు నుంచి నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

అక్క మా స్టూడియో ఎదురుగా రోడ్డు పక్కన పచ్చిమిరపకాయలు అమ్మేది. మాట కూడా అదే సరుకు. భర్త బాయిలో పనిచేసి (బొగ్గుగనిని మా వైపు బాయి అనే అంటారు) జబ్బుపడి ఇంట్లో కూర్చున్నాక ఆమె తట్ట నెత్తికెత్తుకుంది. ఆమె చుట్టూ కమాన్‌పూర్ వైపు పల్లెల నుంచి ఆటోల్లో కూరగాయలు తెచ్చుకునే ఆడవాళ్ళు, అంతా కలిసి నలభై మంది. మొదటి షిఫ్టు దిగి ఇళ్ళకు పోయే కార్మికులే వాళ్ళ బేరం. ఆ వేసవిలో రోడ్డు వెడల్పు చేస్తారన్న కబురు వచ్చింది. రోడ్డు మీద అమ్ముకునేవాళ్ళకు వేరే చోటు ఇస్తారట, కానీ పది రోజుల్లోపు ఫొటో, నివాస పత్రం పెట్టి మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చినవాళ్ళకే. జాబితాలో పేరు లేనివాళ్ళు తట్ట ఎత్తుకుని పోవలసిందే.

పత్రాల కోసం ఊళ్ళకు తిరగాలి, జిరాక్సులు తీయించాలి, తిరిగిన రోజు బేరం పోతుంది. ఎట్లాగా అని వాళ్ళు తలలు పట్టుకుని ఉండగా, ఎక్కడో మహిళల సభకు పోయివచ్చిన ఒకామె అక్క చేతిలో ఒక కాగితం పెట్టింది. హైదరాబాదులో ఒక చిన్న సంస్థ ఉందట. ఇటువంటి చిన్న సంఘాలకు ఆపద ముంచుకొచ్చినప్పుడు, రిజిస్ట్రేషన్ లేకపోయినా, మూడు రోజుల్లో డబ్బు సాయం పంపుతుందట. అడగాల్సింది మాత్రం ఒక ఫారం నింపి. ఆ ఫారం ఇంగ్లీషులో ఉంది. అక్క నేరుగా నా దగ్గరకు వచ్చింది.

ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, నా జీవితంలో మొదటి దరఖాస్తు రాశాను. రెండో ప్రశ్న మీ సంస్థ నిర్మాణం ఎట్లాంటిది అని. నిర్మాణమంటే కట్టడమే కదా అనుకుని, మీ సంఘం కట్టడం ఎట్లుందని అక్కను అడిగాను. నాలుగు కట్టెలు, మీద ఒక తాటిపత్రి (టార్పాలిన్ పట్టా), గాలికి లేవకుండా నాలుగు రాళ్ళు అంది. రాళ్ళతో సహా ఇంగ్లీషులోకి దించాను. సాయం నెల ఆలస్యమైతే ఏమవుతుందని ఇంకో ప్రశ్న. "నెలకొస్తే ఏం లాభం, మేముంటే గద ఇయ్యనీకి" అంది అక్క. దాన్ని నేను 'నెలలో మేమందరం మరణిస్తాం' అని రాశాను.

మర్నాడే స్టూడియోకు ఫోను వచ్చింది. అవతల ఒక మేడం, చక్కటి తెలుగులో, ముందు అందరూ క్షేమమేనా అని అడిగారు. నేను ఇంగ్లీషులో జవాబిద్దామని నోరు తెరిచి, ఒక్క ముక్కా రాక, ఫోను అక్కకిచ్చాను. వాళ్ళిద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. మూడు రోజులు కూడా కాలేదు, సాయం వచ్చింది. తాటిపత్రి సంగతి మేడంకు బాగా నచ్చిందట. నా ఇంగ్లీషే పని జరిపించిందని నేను ఊరంతా చెప్పుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఫొటోల వంతు వచ్చేసరికి నాలో కళాకారుడు లేచాడు. మగవాళ్ళకు స్టూడియోలో ఒక కోటు, టై ఉండేవి. ఆడవాళ్ళకేమీ లేదు. ఆఫీసుకు పోయే ఫొటో గౌరవంగా ఉండాలని, మా అక్క (బావ భార్య, నా తోడబుట్టింది) పెట్టెలోంచి ఆకుపచ్చ పట్టుచీర, గిల్టు గొలుసు అడిగి తెచ్చాను. ఒక్కొక్కరి భుజం మీద పైట సర్ది, గొలుసు వేసి, మొఖానికి పౌడరు దట్టంగా అద్ది తీశాను. అద్దంలో చూసుకుని అందరూ మురిసిపోయారు. నిమ్మకాయలు అమ్మే ఖాలా (ఉర్దూలో పిన్ని) ఒక్కతే ఒప్పుకోలేదు. "నా సూరత్‌కు నా దుపట్టా చాలు బేటా" అని, పౌడరు కూడా మొఖానికి తగలనివ్వకుండా, పాత దుపట్టాతోనే కూర్చుంది. ఫొటో పాడవుతుందని ఆమె మీద నేను జాలిపడ్డాను. ఆ చీర నెలరోజులపాటు మెంతికూర వాసన కొట్టిందని మా అక్క ఇప్పటికీ అంటుంది.

గడువుకు రెండు రోజుల ముందు దరఖాస్తులు తీసుకుని ఆఫీసుకు పోయాం. అక్కడి సారు మంచివాడే. నాలుగు ఫొటోలు చూశాడు, ఇంకో నాలుగు చూశాడు, అన్నీ బల్ల మీద వరసగా పరిచాడు. అదే చీర, అదే గొలుసు, పౌడరు కింద అదే తెల్లటి మొఖం. "ఏంది తమ్మీ, ఒక్కామెనే నలబై సార్లు తీసినవా?" అన్నాడు. ఖాలా ఫొటో ఒక్కటి పక్కకు తీసి, ఇది మాత్రం చెల్లుతుంది, మిగతావి ఎల్లుండిలోపు మార్చి తెమ్మన్నాడు. ఖాలా బల్ల మీది మిగతా ఫొటోలు తనే ఏరి నా చేతికిచ్చింది. అది ఆమె మంచితనం.

స్టూడియోకు తిరిగి వచ్చి లెక్క చూసుకున్నాం. వచ్చిన సాయం అయిపోయింది. ఫొటోలన్నీ మళ్ళీ అచ్చు వేయించాలి, ఊళ్ళకు పోయిన పల్లెవాళ్ళను మళ్ళీ రప్పించాలి, మళ్ళీ బేరం పోగొట్టుకోవాలి. నా చేతకానితనానికి ముప్పై తొమ్మిది కుటుంబాలు చోటు పోగొట్టుకునేలా ఉన్నాయి. మేడంకు ఫోను చేశాను. ఫొటోలు వానకు తడిశాయని మొదలుపెట్టాను (నడి మే నెల, రోడ్డు మీది తారు చెప్పుకు అంటుకునే ఎండ). పచ్చిమిర్చి అక్క నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"మేడం, వాన లేదు గీన లేదు. పిలగాడు మంచోడే, జర తెలివి తక్కువ. అందరికి ఒక్కటే చీర కప్పిండు. మేం గూడ మురిసి కప్పుకున్నం. తప్పు అందరిది."

ఇక సాయం మాట దేవుడెరుగు, ఇచ్చింది కూడా తిరిగి ఇమ్మంటారని నేను గోడకు ఆనుకున్నాను. అక్క మొఖం మెల్లగా విప్పారింది. చీర ఏ రంగని మేడం అడిగారట. ఆకుపచ్చని చెప్పగానే గట్టిగా నవ్వారట. రేపు పొద్దుటికి ఇంకొంత పంపుతానని, ఈసారి ఎవరి చీరలో వాళ్ళను తీయమని చెప్పి పెట్టేశారు. ఒక్క తిట్టు లేదు, ఒక్క కొత్త ఫారం లేదు.

మర్నాడు కెమెరా నేనే రోడ్డు మీదికి మోశాను. తట్టల పక్కనే, చెమట కొంగుతో తుడుచుకుంటుంటే, మిరపకాయలు తూస్తుంటే తీశాను. ముప్పై తొమ్మిది మందికీ వేరువేరు మొఖాలున్నాయని, ఏడాదిగా ఎదురుగా కూర్చున్నవాళ్ళను నేను ఏనాడూ సరిగ్గా చూడలేదని ఆ పొద్దే తెలిసింది. గడువు సాయంత్రం సారు ఒక్కో ఫొటో చూసి ఒక్కో పేరు రాసుకున్నాడు. నలభై పేర్లూ జాబితాలోకెక్కాయి. వానాకాలం రాకముందే కొత్త చోట తాటిపత్రి లేచింది.

ఆ మేడంను నేనెన్నడూ చూడలేదు. రాష్ట్రం వచ్చిన ఏడాది ఏదో పని మీద హైదరాబాదు పోయి, కాగితం మీది చిరునామా వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ ఇంట్లో వేరేవాళ్ళు ఉన్నారు, సంస్థ ఎటు పోయిందో తెలియదన్నారు. బస్సులో దారి పొడుగునా ఆమెకు చెప్పాలని నాలుగు వాక్యాలు కంఠస్థం చేసుకుంటూ పోయాను, ఇంగ్లీషులో. అంత చక్కటి తెలుగు మాట్లాడిన మనిషికి! ముప్పై దాటినా బుద్ధి రాని ఆ పిలగాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ వాక్యాల్లో ఒక్కటీ ఇప్పుడు గుర్తు లేదు. చెప్పాల్సిన మాట మాత్రం అట్లాగే ఉండిపోయింది. చల్లగుండు మేడం.