గౌస్ బాషా కూల్చిన శ్లాబు

గౌస్ బాషా తాపీమేస్త్రీ. యాభైకి దగ్గరపడిన మనిషి. పెళ్లైన కొత్తలో దర్శి దగ్గరి పల్లె నుంచి భార్య రసూల్‌బీని వెంటబెట్టుకుని ఈ టౌనుకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మిర్చికి మంచి రేటు పలికిన ఏడాది చుట్టుపక్కల రైతులు టౌనులో ఇల్లు మొదలుపెడతారు. పలకని ఏడాది ఆ ఇల్లే ఇనప చువ్వలు పైకి తేలి సగంలో నిలబడిపోతుంది. ఇళ్ల పనులు లేనప్పుడు మునిసిపాలిటీ కాంట్రాక్టరు కింద సైడు కాలువలు కట్టుకుంటూ బాషా సంసారం ఈడ్చుకొచ్చాడు.

ఆ కాంట్రాక్టరే అతనికి కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ మిషను అంటగట్టాడు. ప్లానులో లేని అంతస్తు ఎవరైనా లేపితే మునిసిపాలిటీ వాళ్లు మొత్తం కూల్చరు. శ్లాబుకు నాలుగు బొక్కలు కొట్టించి, ఫొటో తీసుకుని పోతారు. ఆ పనికి మనుషులు దొరకరు. ఊళ్లో ఇళ్లు కట్టి బతికేవాడు ఆ ఊళ్లోవాళ్ల ఇళ్లకే బొక్కలు పెట్టడానికి ఎందుకు వస్తాడు? బాషా కూడా మొదట రానన్నాడు. ఆ తర్వాత అతన్ని కాలువ పనులకు పిలవడం మానేశారు. సంగతి అర్థమయ్యాక వస్తానన్నాడు.

తమాషా ఏమిటంటే, కొద్దిరోజులు పోయాక ఇంటివాళ్లు అతనికే కబురు చేసేవారు, ఆ బొక్కలు పూడ్చిపెట్టమని. పూడ్చేవాడు.

"కొట్టేదీ నువ్వే, పూడ్చేదీ నువ్వే. ఇదేం పనయ్యా!" అని రసూల్‌బీ నవ్వేది. మొదట్లో అతనూ నవ్వాడు. రానురాను నవ్వు రావడం మానేసింది. కుడిచెవిలో మిషను మోత ఇంటికొచ్చినా ఆగేది కాదు.

కల్లాల్లో కాయలు ఎండుతున్న రోజుల్లో ఒక ఉదయం, మిషను వేసుకున్న ఆటో ఓ ఇరుకు సందులోకి తిరిగింది. అది సుబ్బరావమ్మ సందు. ఆమె ఇల్లు పునాది దగ్గర్నుంచీ బాషా కట్టిందే. మొగుడు పోయాక పొలం కౌలుకిచ్చి టౌనుకొచ్చిన మనిషి ఆమె. కింద తను, పైన పెద్దకొడుకు. చిన్నకొడుకు కోటేష్ కోసమని, ప్లానులో లేకపోయినా రెండో అంతస్తు వేయించింది. శ్లాబు పోసే ముందు బాషా చెప్పి చూశాడు. "ఊరంతా వేసుకుంటన్నారు, మనకే వచ్చిందా?" అందామె. అతను పోసేశాడు. పని కావాలి కదా.

వార్డు ప్లానింగ్ సెక్రటరీ భవ్య అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. ఇంకా పెళ్లికాని పిల్ల. ముఖం వాడిపోయి ఉంది.

"రెండుసార్లు నోటీసు ఇచ్చానమ్మా, తీసుకోలేదు. మీ సందు వెడల్పుకి కింద ఒకటి, పైన ఒకటి, అంతే. పైగా వెనక వదలాల్సిన జాగాలో గోడ లేపారు. వెనకింటాయనకి కిటికీ తెరవడానికి లేదు. ఆయన అర్జీ మీద అర్జీ పెడుతున్నాడు. నన్నేం చేయమంటారు?"

సుబ్బరావమ్మ ఆమె వైపు చూడలేదు. మిషను మోసుకుని మెట్లెక్కుతున్న మనిషినే చూసింది.

"నువ్వా బాషా?"

అతను తల దించుకుని పైకి పోయాడు. దూలాలకు దూరంగా, శ్లాబు బలం దెబ్బతినని చోట చూసుకుని కొట్టాడు. చెయ్యగలిగిన మేలు అదొక్కటే అనిపించింది. ఈ శ్లాబు పోసిన రోజున ఆమె కూలీలందరికీ పులిహోర పెట్టింది.

పది రోజులకు కోటేష్ వచ్చి పిలిచాడు. బాషా వెళ్లాడు గానీ తాపీ సంచి తీయలేదు. వెనకవైపు అంచుకు పోయి కిందికి చూశాడు. వెనకింటి కిటికీ, తను కట్టిన గోడ, మధ్యలో చెయ్యి కూడా దూరదు. కట్టేటప్పుడు కనబడలేదని కాదు.

"పూడ్చను బాబూ," అన్నాడు.

"నీకేం పోయింది మేస్త్రీ? కూలి ఇస్తాం కదా!"

"మళ్లీ వస్తారు. మళ్లీ నన్నే ఎక్కిస్తారు. ఇక నావల్ల కాదు."

కోటేష్ నానా మాటలూ అన్నాడు. కొట్టడానికి లేని సిగ్గు పూడ్చడానికొచ్చిందా అన్నాడు. బాషా చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

ఇంకో మేస్త్రీ పూడ్చాడు. వెనకింటాయన మళ్లీ అర్జీ పెట్టాడు. ఈసారి కాంట్రాక్టరు పిలిస్తే బాషా పోలేదు. పొరుగూరి నుంచి ఎవర్నో తెచ్చారు. వాళ్లకు శ్లాబు ఎక్కడెలా పోశారో తెలియదు. అడ్డదిడ్డంగా కొట్టిపోయారు. తొలకరికి నీళ్లు దిగి, దూలం పగులిచ్చి, శ్లాబు ఒకవైపు వంగింది. అది కూలితే పడేది పెద్దకొడుకు పిల్లలు పడుకునే గది మీదే.

సుబ్బరావమ్మ స్వయంగా బాషా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చుంది.

"తీసెయ్ నాయనా. మొత్తం తీసెయ్. రోజూ పైకి చూసుకుంటా పడుకోలేకపోతన్నా."

పోసినప్పుడు ఒక్క పూటలో అయిపోయిన శ్లాబు. దించడానికి మాత్రం వారాలు పట్టింది. ముక్కముక్కగా కోసి, తాళ్లు కట్టి, పిల్లల్ని అవతలికి పంపించి దించాడు. వెనక గోడ కూడా తీశాడు. అది తీసిన రోజున వెనకింటి కిటికీ తెరుచుకుంది. ఎవరో ముసలావిడ బయటికి చూసి, వీళ్లను చూడగానే లోపలికి తప్పుకుంది.

భవ్య వచ్చి టేపు పట్టి కొలుచుకుంది. "ఇది మొదటే చేసుంటే అయిపోయేదమ్మా," అంది. కోపంగా కాదు, అలసటగా.

"ఇప్పుడు చిన్నోడికి నేనేం చెప్పుకోను?" అంది సుబ్బరావమ్మ. ఆ మాట ఎవర్ని అడిగిందో తెలియదు. భవ్య టేపు చుట్టుకుంది. శ్రావణంలో కోటేష్ భార్యతో బైపాస్ అవతల అద్దెకు పోయాడు. తల్లితో మాట్లాడుతున్నాడు గానీ, ముక్తసరిగా.

బాషాకు మళ్లీ కాలువ పనులు రాలేదు. ఇప్పుడు రోజూ బస్సెక్కి మార్టూరు వైపు పోతున్నాడు, రాళ్ల పాలిష్ యూనిట్లలో గోడలు కట్టడానికి. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని మంచం వాలుస్తాడు. రసూల్‌బీ ఏదైనా చెప్పాలంటే అతని ఎడమవైపు, మాట వినబడే చెవి దగ్గరికి వచ్చి కూర్చుంటుంది.