బిళ్ళ కింద గాలి

పోయిన బుధవారం రేపల్లె నుంచి ఫోన్ వచ్చింది. "నాన్న పోయారండి. మీకు చెప్పమని అమ్మ అంది" అందో అమ్మాయి. బాపట్లలో నేను ఎం.టెక్ చదివిన కాలేజీలో ల్యాబ్ అటెండరుగా చేసిన, మేమంతా బాబాయి అని పిలిచే ఆయన కూతురామె. ఇవాళ తెనాలిలో నేను పదిమందికి పాఠం చెబుతున్నానంటే అందులో ఆయన చెయ్యి ఉంది. ఆ మాట ఆయన బతికుండగా ఎక్కడా అనలేదు. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

నా ప్రాజెక్టంతా ఒక గాజు ముక్క. అందులో వెంట్రుకంత సన్నటి కాలువ. గాజు అడుగున, కరెంటు ఇస్తే వణికే చిన్న బిళ్ళ అతికించాలి. చెవికి వినపడని ఆ శబ్దానికి నీళ్ళలోని పెద్ద రేణువులు కాలువ మధ్యకు చేరాలి, చిన్నవి అంచులకు మిగలాలి. అలా రెండూ విడిపోవాలి. నాలుగు నెలలు పోయినా ఒక్క రేణువు పక్కకు జరిగితే ఒట్టు. ఇంకో నెల ఇలాగే పోతే డిగ్రీ చేతికి రాదు.

బాబాయి రోజూ ఆ గాజు ముక్కలు తుడిచి, ఒక కన్ను మూసి, కిటికీ వెలుగుకు పట్టి చూసేవారు. ఒకరోజు అలా చూస్తూ, "అమ్మాయ్, బిళ్ళ కింద గాలుంది. గాలుంటే శబ్దం దాటదమ్మా" అన్నారు. ఉద్యోగంలో చేరకముందు ఆయన నిజాంపట్నం బోట్లకు శబ్దంతో చేపల జాడ చూపే మిషన్లు బిగించేవారట. ఆ మిషన్ బిళ్ళను బోటు అడుగున లోపలివైపు అతికిస్తారు. జిగురులో చిన్న బుడగ ఉన్నా దానికి చేప కనపడదు.

"బాబాయ్, ఇది బోటు కాదు" అని నవ్వేశాను.

"కాదులేమ్మా. కానీ గాలి గాలే కదా" అన్నారు.

వారం తర్వాత ఏ దారీ తోచక నేనే వెళ్ళి అడిగాను. నురగ రాకుండా జిగురు కలిపారు. మధ్యలో ఒక్క చుక్క వేసి, బిళ్ళ పెట్టి, బొటనవేలితో మెల్లగా నొక్కుతూ అంచులదాకా తోశారు. "తొందరపడ్డావో, గాలి దూరుద్ది" అన్నారు. మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే పెద్ద రేణువులన్నీ నడిమధ్య బారు తీరి పోతున్నాయి.

వైవాకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు, "ఇంత బాగా అతికించడం ఎలా కుదిరిందమ్మా?" అని అడిగారు. బాబాయి అక్కడే టీ అందిస్తున్నారు. "చాలా పేపర్లు చదివానండి. చివరికి నేనే ఒక పద్ధతి కనుక్కున్నాను" అన్నాను. గొంతు కూడా తడబడలేదు. ఆయన నా ముందు కప్పు పెట్టి వెళ్ళిపోయారు. సాయంత్రం కనబడి, "బాగా చెప్పావమ్మా" అన్నారు. దెప్పుతున్నారనుకున్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు కాలేజీకి వెళ్ళినా ల్యాబ్ వైపు మాత్రం పోలేదు.

రేపల్లె వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. నేనెవరో చెప్పగానే కూతురు నన్ను వాళ్ళమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని చుట్టూ ఉన్నవాళ్ళతో, "మా ఆయన చెబుతా ఉండేవాడే, ఆ అమ్మాయే. బిళ్ళ గాలి లేకుండా అతికించే పని ఈ పిల్లే కనిపెట్టిందంట. ఎంత తెలివో అనేవాడు" అంది.

నా అబద్ధాన్ని ఆయన ఇంట్లో కూడా కాపాడారు. నిజం చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా ఆయన అన్నగారు తాను కూర్చున్న కుర్చీలోంచి లేచి, దాన్ని తువ్వాలుతో తుడిచి, "కూర్చోమ్మా" అన్నారు. వాకిట్లో ఉన్న కుర్చీ అదొక్కటే. నేను కూర్చున్నాను.